మనుషులు మారినా ఆగని మేళం

సోమశిల చుట్టుపక్కల పల్లెల్లో ఏ సంఘానికి వెళ్లినా పెద్దల నోట ఒక మాట వినబడుతూ ఉంటుంది. "ఒకప్పుడు మా పాటల బృందం ఎంత చక్కగా ఉండేదో! తబలా వాయించే అబ్బాయి కువైట్ వెళ్లిపోయాడు. హార్మోనియం వాయించే అమ్మాయి పెళ్లయి అత్తగారింటికి పోయింది. ఇంక మాకు పాటలేమున్నాయి?" అంటారు. ఉదయగిరి వైపు వెళ్లినా, ఆత్మకూరు వైపు వెళ్లినా ఇదే మాట. చదువుకోసం, పనికోసం పిల్లలు ఊరు విడవడం మన మెట్ట ప్రాంతానికి కొత్త కాదు. పెన్న మీద జలాశయం వచ్చినప్పుడు ఊళ్లకు ఊళ్లే లేచి వేరేచోట కుదురుకోవలసి వచ్చింది. మనుషులు తరలిపోవడం మనకు బాగా తెలిసిన సంగతే. మనుషులు తరలిపోయినప్పుడు వాళ్లు పాడిన పాట ఏమి కావాలన్నదే మనం కూర్చుని ఆలోచించని సంగతి.

అందుకని ఈ నెల ఒక సంగీత బృందం చరిత్ర చెప్పదలచాము. దాని పేరు 'శక్తి'. 1970లలో పుట్టి, మధ్యలో చాలా ఏళ్లు మూగబోయి, మళ్లీ లేచి, మనుషులను మార్చుకుంటూ 50 ఏళ్లు నడిచిన బృందం ఇది. ఒక ఇంగ్లీషు గిటారు విద్వాంసుడు, బొంబాయి తబలా విద్వాంసుడు, తమిళనాడు ఘటం విద్వాంసుడు ఇందులో కూర్చున్నారు. వారి పక్కన మన పాలకొల్లు బిడ్డ కూడా 15 ఏళ్లు కూర్చున్నాడు. అది మనం గుర్తుంచుకోవలసిన సంగతి.

ఈ బృందాన్ని జాజ్ సంగీతపు బంధువుగా లెక్కిస్తారు. జాజ్ అంటే ఏమిటో ముందు రెండు మాటలు చెప్పుకుందాము. అమెరికా దక్షిణ భాగంలో న్యూ ఆర్లియన్స్ అనే రేవు పట్టణం ఉంది. సుమారు 1900 ప్రాంతంలో అక్కడి నల్లజాతి ప్రజల మధ్య ఈ సంగీతం రూపు కట్టింది. బానిసత్వపు రోజుల్లో పొలాల్లో పాడుకున్న పాటలు, ప్రార్థన కూటాలలో కన్నీళ్లతో పాడుకున్న ఆత్మీయ గీతాలు, ఊరేగింపుల్లో వాయించే బ్యాండు మేళాలు, ఇవన్నీ దాని తల్లివేర్లు. ఇందులో పాట వరుస అందరికీ ఒకటే. అయితే ఎవరి వంతు వచ్చినప్పుడు వారు ఆ వరుసను పట్టుకుని, అప్పటికప్పుడు తమ మనసులోంచి కొంత కల్పించి వాయించాలి. మన కర్ణాటక సంగీతంలో కల్పన స్వరాలు పాడటం ఇటువంటిదే. దీనిని మన పెద్దలు మనోధర్మం అన్నారు.

కనుక ఇటువంటి మేళంలో ఒక మనిషి మారితే కుర్చీలో మనిషి మారినట్లు కాదు, సంగీతమే మారుతుంది. కాగితం మీద వ్రాసిన స్వరాలను చూసి వాయించే మేళంలోనైతే ఒకరి బదులు ఇంకొకరు కూర్చోవచ్చు. ఇక్కడ మాత్రం వెళ్లిన మనిషితోపాటు అతని కల్పన కూడా వెళ్లిపోతుంది. పేరున్న విద్వాంసులు అందరూ కలిసిన బృందానికి ఈ చిక్కు మరీ ఎక్కువ.

ఈ చిక్కును ముందుగా ఎదుర్కొన్నవారిలో ఒకరిని చూడండి. 1947లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే సుప్రసిద్ధ ట్రంపెట్ విద్వాంసుడు తన పెద్ద బ్యాండును వదిలి, కొద్దిమందితో ఒక చిన్న మేళం కట్టాడు. దాని పేరే 'ఆల్ స్టార్స్'. అంటే అందరూ తారలే. ట్రాంబోనుకు జాక్ టీగార్డెన్, క్లారినెట్‌కు బార్నీ బిగార్డ్, డ్రమ్ములకు సిడ్ కాట్లెట్ కూర్చున్నారు. మరుసటి సంవత్సరం పియానోకు ఎర్ల్ హైన్స్ వచ్చాడు. వీరిలో ప్రతి ఒక్కరూ స్వంతంగా ఒక మేళం నడపగలవారే. పదేళ్లు తిరిగేసరికి ఆ నలుగురిలో ఒక్కరూ మేళంలో లేరు. ట్రమ్మీ యంగ్, బిల్లీ కైల్, ఎడ్మండ్ హాల్ వంటి వేరే విద్వాంసులు వచ్చారు. అయినా మేళం ఆగలేదు. 1971లో ఆర్మ్‌స్ట్రాంగ్ చనిపోయేవరకు అది ఆయన పేరుమీద నడిచింది. ఆ ఇంటికి నిట్రాడి ఆయనే. నిట్రాడి ఒరిగింది, ఇల్లు ముగిసింది.

'శక్తి' కథ ఇంకొక విధంగా నడిచింది. జాన్ మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లాండులోని యార్క్‌షైర్ ప్రాంతంలో పుట్టాడు. ఆయన తల్లి వయొలిన్ వాయించేది. ఆయన గిటారు పట్టి, అమెరికా వెళ్లి, మైల్స్ డేవిస్ అనే గొప్ప జాజ్ విద్వాంసుని దగ్గర వాయించాడు. తరువాత స్వంతంగా మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే బృందం పెట్టాడు. చెవులు దద్దరిల్లే విద్యుత్ వాద్యాల సంగీతం అది. దానితో ఆయన పేరు దేశదేశాలకు పాకింది. అంత పేరు ఉండగానే ఆయన అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఉన్న డాక్టర్ ఎస్. రామనాథన్ గారి దగ్గర కూర్చుని వీణ పాఠాలు నేర్చుకున్నాడు. లోకమంతా గురువని పిలిచే స్థితిలో ఉండి మళ్లీ శిష్యుడై కూర్చోవడం అందరికీ చేతనయ్యే పని కాదు.

ఆ నేర్చుకోవడంలోనుంచే 'శక్తి' పుట్టింది. తబలాకు బొంబాయి నుంచి జాకీర్ హుస్సేన్. ఆయన ఉస్తాద్ అల్లా రఖా గారి కుమారుడు. వయొలిన్‌కు ఎల్. శంకర్, ఘటానికి టి.హెచ్. వినాయకరామ్, వీరిద్దరూ కర్ణాటక సంగీతం వారు. మొదటి రోజుల్లో మృదంగానికి రామనాథపురం రాఘవన్ కూడా ఉన్నారు. ఉత్తరాది తబలా, దక్షిణాది ఘటం ఒకే తివాచీ మీద పక్కపక్కన కూర్చోవడం మన దేశంలోనే అరుదు. ఒకరి లెక్కలు ఒకరివి కావు, ఒకరి భాష ఒకరిది కాదు. మెక్‌లాఫ్లిన్ తన గిటారుకు అడ్డంగా ఏడు తీగలు అదనంగా వేయించుకున్నాడు. మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించుకున్నాడు. వీణ మీద తీగ లాగి గమకం పలికించినట్లు గిటారు మీద పలికించడానికే ఇదంతా. వచ్చినవారిని తన దారికి రమ్మనకుండా తన వాద్యాన్నే మార్చుకున్నాడన్నమాట.

1975 జూలైలో అమెరికాలో ఒక కాలేజీలో వీరు వాయించిన కచేరీ మరుసటి సంవత్సరం రికార్డుగా వచ్చింది. ఆ తరువాత ఇంకా రెండు రికార్డులు వచ్చాయి. విద్యుత్ హోరుకు అలవాటుపడిన శ్రోతలు, కింద కూర్చుని కుండ వాయించే మనిషిని చూసి ముందు ఆశ్చర్యపడ్డారు, తరువాత చెవి ఒగ్గారు. కాని 1978లో బృందం విడిపోయింది. ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. అక్కడితో కథ ముగిసిందనే లోకం అనుకుంది.

సుమారు 20 ఏళ్ల తరువాత, 1997లో, మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్, వినాయకరామ్ మళ్లీ కలిశారు. వయొలిన్ శంకర్ మాత్రం లేడు. ఇక్కడ వారు చేసిన పని గమనించండి. ఆ ఖాళీలో కూర్చోబెట్టడానికి అచ్చం శంకర్‌లా వాయించే మరొక వయొలిన్ మనిషిని వారు వెతకలేదు. వెదురు వేణువు వాయించే హరిప్రసాద్ చౌరాసియా గారిని పిలిచారు. వేణువు తీరు వేరు. అది నెమ్మదిగా, దీర్ఘంగా ఊపిరి తీసుకుంటుంది. కనుక బృందం కూడా తన పరుగు తగ్గించుకుని ఆ ఊపిరికి తగినట్లు నడిచింది. 'శక్తిని గుర్తుచేసుకోండి' అనే అర్థం వచ్చేటట్లు 'రిమెంబర్ శక్తి' అని పేరు పెట్టుకున్నారు. పాతవారిని మరువలేదని పేరులోనే చెప్పారు. పాతది తిరిగి వచ్చిందని మాత్రం బుకాయించలేదు.

ఆ తరువాత వచ్చినవాడే మన ఉప్పలపు శ్రీనివాస్. లోకం ఆయనను మాండలిన్ శ్రీనివాస్ అంటుంది. 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఆరేళ్ల వయస్సులోనే ఆ పిల్లవాడు మాండలిన్ పట్టాడు. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారు అతనికి కర్ణాటక సంగీతం నేర్పడానికి ఒప్పుకున్నారు. అయితే సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన నోటితో పాడేవారు, పిల్లవాడు విని దానిని తీగల మీద వెతుక్కుని పలికించేవాడు. వాద్యం రాని గురువు దగ్గర వాద్యం నేర్చుకున్న శిష్యుడు! అందువల్లనే కాబోలు, ఆ మాండలిన్ వాద్యంలా కాక గొంతులా పలికేది.

మాండలిన్ పరదేశపు వాద్యం. దానికి నాలుగు జతల తీగలు, అంటే మొత్తం ఎనిమిది. జత తీగలను ఒకేసారి లాగి గమకం పలికించడం కష్టం. పైగా మీటిన వెంటనే స్వరం ఆరిపోతుంది. శ్రీనివాస్ జతలను తీసివేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు. స్వరం నిలబడటానికి విద్యుత్ మాండలిన్ వాడాడు. ఇది సినిమా పాటలకు తప్ప కచేరీకి పనికిరాదని పెదవి విరిచిన పెద్దలు కూడా ఉన్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాలలో మొదటి కచేరీ చేసేనాటికి అతనికి 9 ఏళ్లు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి 14 ఏళ్లు. 1998లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1999లో 'శక్తి' బృందంలో అడుగుపెట్టాడు. మెక్‌లాఫ్లిన్ కంటే 27 ఏళ్లు చిన్నవాడు. ఆ వేదిక మీద మాత్రం చిన్నపీట వేయలేదు. ఆయన వంతు వచ్చినప్పుడు పెద్దవాళ్లు చేతులు ఆపి, చిరునవ్వుతో విన్నారు.

అదే సమయంలో వినాయకరామ్ గారి చోటులోకి ఆయన కుమారుడు సెల్వగణేశ్ వచ్చాడు. తండ్రిది ఘటం, కొడుకుది ముఖ్యంగా కంజీర. ఒక చేతితో పట్టుకుని రెండో చేతి వేళ్లతో వాయించే చిన్న వాద్యం అది. తండ్రి కూర్చున్న చోట కొడుకు కూర్చున్నాడు గాని తండ్రిని అనుకరించలేదు, తన వాద్యంతోనే పలికాడు. 2000 డిసెంబరులో బొంబాయిలో జరిగిన కచేరీకి సంతూర్ శివకుమార్ శర్మ, డ్రమ్ముల శివమణి వంటి వారు అతిథులుగా వచ్చారు. అప్పుడు పాడటానికి వచ్చిన శంకర్ మహదేవన్ తరువాత బృందంలోనే నిలిచిపోయాడు. నోటి మాట లేని ఆ బృందానికి అలా ఒక గొంతు కలిసింది.

2014 సెప్టెంబరు 19న శ్రీనివాస్ చెన్నైలో కన్నుమూశాడు. కాలేయం చెడి, శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆయన కోలుకోలేకపోయాడు. వయస్సు 45 ఏళ్లే. చెల్లించలేని నష్టం అంటారే, అది అటువంటిది. ఆ తరువాత బృందం కొన్ని సంవత్సరాలు మూగబోయింది. ఖాళీ అయిన చోటును మరునాడే నింపే తొందర వారు పడలేదు.

2020లో మళ్లీ కలిసినప్పుడు మెక్‌లాఫ్లిన్, జాకీర్ హుస్సేన్, శంకర్ మహదేవన్, సెల్వగణేశ్ నలుగురే పాతవారు. వారితో వయొలిన్ విద్వాంసుడు గణేశ్ రాజగోపాలన్ చేరాడు. ఈసారి మాండలిన్ లేదు. దాని బదులు మరొక మాండలిన్ తేలేదు. మొదటి జట్టులో ఉన్న వయొలిన్ నాదం మరొకరి చేతుల్లో తిరిగి వచ్చింది. 2023లో 'దిస్ మూమెంట్' అనే ఆల్బం వచ్చింది. పేరుకు 'ఈ క్షణం' అని అర్థం. 2024 ఫిబ్రవరిలో దానికి అమెరికాలో గ్రామీ బహుమానం లభించింది. ఆ సంవత్సరం డిసెంబరులోనే జాకీర్ హుస్సేన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయాడు. ఆయనకు 73 ఏళ్లు. మొదటినుంచి చివరివరకు విడవకుండా ఉన్న ఇద్దరిలో ఒకరు అలా వెళ్లిపోయారు.

పాఠకులారా, ఈ చరిత్రలో మాకు కనబడిన సంగతి ఒకటే. బృందాన్ని నిలిపేది అందులోని తారల వెలుగు కాదు. కొత్తగా వచ్చినవారికి చోటు ఇవ్వడానికి ఉన్నవారు ఎంత జరుగుతారన్నదే. వయొలిన్ వెళ్లి వేణువు వస్తే నడక మార్చుకున్నారు. వేణువు వెళ్లి మాండలిన్ వస్తే మళ్లీ పరుగు అందుకున్నారు. గొంతు వస్తే వాద్యాలు తగ్గి దారి ఇచ్చాయి. మారనివి కొన్ని ఉన్నాయి. తాళం తప్పకపోవడం, ఒకరి వంతులో ఇంకొకరు చెవి ఒగ్గి వినడం. మనుషులు మారినా ఆ మర్యాద మారలేదు గనుక పేరు నిలిచింది.

దీనివల్ల నష్టమేమీ లేదని మేము అనడం లేదు. మొదటి జట్టు వేడి తరువాత రాలేదని వాదించే శ్రోతలు నేటికీ ఉన్నారు. శ్రీనివాస్ మాండలిన్ విన్న చెవులకు ఆ లోటు ఎన్నటికీ తీరదు. పోయినవారు పోయినట్లే, వారి నాదం మరొకరిలో రాదు. రాదని ఒప్పుకున్నప్పుడే కొత్తవారి నాదం మన చెవికి ఎక్కుతుంది. "ఫలానా అబ్బాయిలా వాయించు" అని పదిసార్లు అంటే, వచ్చిన పిల్లవాడు పదకొండోసారి రాడు.

వెళ్లినవారి సంగతి కూడా ఒకమాట చెప్పాలి. మన నెల్లూరు వారైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు సినిమాలలో బాగా పేరు రాకముందు మద్రాసులో ఒక లలిత సంగీత బృందం నడిపారు. అందులో గిటారు, హార్మోనియం వాయించిన యువకుడే తరువాత ఇళయరాజాగా లోకానికి తెలిశాడు. ఆయన అన్న భాస్కర్, తమ్ముడు గంగై అమరన్ కూడా ఆ బృందంలో వాయించారు. ఆ బృందం చెదిరింది. ఎవరి దారిన వారు వెళ్లినందువల్లనే ఎన్ని వేల పాటలు మన ఇళ్లకు వచ్చాయో చూడండి. విడిపోయిన బృందమంతా చెడిపోయిన బృందం కాదు. కువైట్ వెళ్లిన అబ్బాయి అక్కడ తెలుగువారి కూటంలో తబలా పట్టి ఉండవచ్చు. అత్తగారింటికి వెళ్లిన అమ్మాయి హార్మోనియం చుట్టూ ఆ ఊరి పిల్లలు చేరి ఉండవచ్చు. మన ఊరి పాట అక్కడ మొలకెత్తిందని సంతోషించాలి గాని, మనల్ని వదిలి వెళ్లారని సణగరాదు.

ఇక మన చేతిలో ఉన్న పని చూద్దాము. వాయించేవారు ఊళ్లో ఉండగానే వారి పక్కన ఒక పిల్లవాడినో పిల్లనో కూర్చోబెట్టాలి. వెళ్లిపోయిన తరువాత వెతకడం, బావి ఎండిన తరువాత చేద కొన్నట్లు ఉంటుంది. వినాయకరామ్ గారి కొడుకు ఒక్కరోజులో సిద్ధం కాలేదు, తండ్రి పక్కన కూర్చుని ఎదిగాడు. నేర్పేవారికి ఆ వాద్యమే రావాలని కూడా లేదు. సుబ్బరాజు గారు నోటితో పాడి మాండలిన్ నేర్పారు. పాట వరుస క్షుణ్ణంగా తెలిసిన ముసలమ్మ ఒకరు ఊళ్లో ఉంటే చాలు, పిల్లలకు ఆమే గురువు.

రెండవది, తబలా వెళ్లి డోలక్ వస్తే డోలక్‌తోనే పాడండి. డప్పు తప్ప ఏమీ రాని పిల్లవాడు వస్తే డప్పుతోనే పాడండి. ఏదీ లేకపోతే చప్పట్లు ఉన్నాయి. వచ్చిన వాద్యాన్ని బట్టి పాట నడక కొంచెం మార్చుకోవడం తప్పు కాదు. అంత పేరున్న విద్వాంసులే మార్చుకున్నారు.

మూడవది, పెద్దవారు కొంచెం జరగాలి. ఇరవై ఏళ్లుగా ముందు వరుసలో నిలబడి పాడినవారు, కొత్త గొంతు వచ్చినప్పుడు ఒక చరణం ఆ గొంతుకు వదిలిపెట్టాలి. అది తప్పుగా పాడినా మధ్యలో ఆపవద్దు, పూర్తయిన తరువాత పక్కకు పిలిచి చెప్పండి. పాడేవారికంటే వినేవారికే ఎక్కువ ఓర్పు కావాలి.

వచ్చే ఆదివారం మీ బృందంలో ఎందరు వెళ్లిపోయారని లెక్క వేయకండి. పక్కన కూర్చుని కళ్లప్పగించి చూస్తున్న చిన్నవాళ్లు ఎందరున్నారో లెక్క వేయండి. వాళ్లలో ఒకరి చేతికి తాళాలు అందించండి.